చూడకుండా కొట్టడం నేర్పిన మాస్టారు

బాగున్న కంప్యూటర్ని విప్పాను. తుడిచాను, బిగించాను. బాగవలేదని మళ్లీ విప్పాను. దానికి ఏ రోగమూ లేదని తెలిసే లోపల ఒక అడాప్టర్ పిన్ను వంచాను, పనికిరాని అప్‌స్కేలర్ ఒకటి తెప్పించాను, డిస్‌ప్లే కార్డు కాలిపోయే పని ఒకటి చేసి అదృష్టం బాగుండి బయటపడ్డాను. ఇంతా చేసింది కంప్యూటర్ మొహం ఎరగనివాడైతే పోనీలే అనుకోవచ్చు. ఒకప్పుడు కాకినాడలో సగంమంది గుమాస్తాలకు డాస్ నేర్పింది నేనేనని చెప్పుకుతిరిగినవాణ్ణి. మావాళ్లు నలుగురిలో ఈ కథ చెప్పి నవ్వుతున్నారు. వాళ్లు చెప్పేది కొంతే. మిగతాది నేనే చెప్పేస్తే నయం.

మాది మొదట టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలు బారులు తీరిన రోజులు చూశాను. తొంభైల్లో గాలి మారింది. టైపు పాసైనవాణ్ణి కూడా 'కంప్యూటర్ వచ్చా?' అని అడగడం మొదలుపెట్టారు. 1994లో అప్పుచేసి ఒక 486 కొన్నాను. డీఎక్స్2, 66 మెగాహెర్ట్జ్, 4 ఎంబీ ర్యామ్, ట్రైడెంట్ డిస్‌ప్లే కార్డు, 14 అంగుళాల కలర్ మానిటర్. దాని కోసం గదికి ఏసీ పెట్టించాను, గుమ్మం బయట చెప్పులు విప్పించాను. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో చెప్పేవాణ్ణి. ఫీజు కట్టేది వీటికే అయినా పిల్లలు క్లాసుకు ముందే వచ్చి కూర్చునేది డేవ్ ఆడుకోడానికి. జాన్ రొమేరో రాసిన ఆ 'డేంజరస్ డేవ్' మన వైపు ఎన్ని ఇన్‌స్టిట్యూట్ల పొయ్యి వెలిగించిందో ఆయనకు తెలిసి ఉండదు.

ఇన్‌స్టిట్యూట్ మూసేసినప్పుడు అన్నీ అమ్మేసి మూడింటిని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను: ఒక రెమింగ్టన్ టైపు మిషను, ఆ 486, దానితో పాటు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. ఏటా దసరాకి ఆయుధపూజనాడు మూడింటికీ కుంకుమ పెడతాను. 486 మదర్‌బోర్డు మీద ఆ రోజుల్లో ఆకుపచ్చ పీపా బ్యాటరీ ఒకటి అతికించి ఉండేది. అది కారిందంటే బోర్డు మీది గీతలన్నీ తినేస్తుంది. మా హార్డ్‌వేర్ కుర్రాడు ఎప్పుడో దాన్ని పీకేసి, వైర్లు లాగి, పెన్సిల్ సెల్లుల డబ్బా ఒకటి పెట్టాడు. పూజకు ముందు ఆ సెల్లులు మారుస్తాను, స్విచ్చి వేస్తాను, సీ ప్రాంప్టు వచ్చేదాకా చూసి దణ్ణం పెట్టి కట్టేస్తాను. కిందటి దసరాకీ వచ్చింది. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయిస్తూ ఆ 14 అంగుళాల మానిటర్ని పాతసామాన్ల బండికి వేసేశాను. బరువు, చోటు, ఆవిడ సణుగుడు – కారణాలు మూడూ గట్టివే. 'హాల్లో అంత టీవీ ఉంది కదా, కావలసినప్పుడు దానికి తగిలిస్తాను' అన్నాను. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి మనవడు వచ్చి, వాళ్లమ్మ చిన్నప్పుడు ఆడిన డేవ్ చూపించమన్నాడు. అప్పుడు చూస్తే ఆ టీవీకి వీజీఏ సాకెట్టే లేదు.

బజార్లో వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ తెచ్చాను. వేలెడంత ఉంది. దాని మొగ పిన్నులు కేబులు చివరి ఆడ సాకెట్లోకి దిగలేదు. మూడు వరసలు, పదిహేను చిల్లులు ఉండాలి. నా కేబులుకు మధ్య వరసలో ఒకటి పూడ్చేసి ఉంది. కంపెనీవాడి పొరపాటు అనుకుని గట్టిగా నొక్కాను. పిన్ను వంగింది. పట్టకారుతో నిలబెట్టి కేబులు పక్కన పారేసి, అడాప్టర్ని నేరుగా కార్డు వెనకే గుచ్చాను. టీవీ 'నో సిగ్నల్' అంది.

ఆ పూడ్చిన చిల్లు ఎవరి పొరపాటూ కాదు. ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏ తెచ్చినప్పుడు 9వ స్థానంలో పిన్నే పెట్టలేదు. ఆ చోటుని ఖాళీగానే వదిలారు. తర్వాత, 1994లో వీసా అనే సంస్థ మానిటర్ తన వివరాలు తానే కంప్యూటర్‌కు చెప్పుకునే డీడీసీ పద్ధతి తెచ్చింది. అప్పుడు ఆ ఖాళీలోకి 5 వోల్టుల కరెంటు వచ్చి చేరింది. ఈ కాలపు అడాప్టర్లు చాలావరకు ఆ 5 వోల్టులు తాగే బతుకుతాయి. నా ట్రైడెంట్ కార్డు అంతకు ముందుది. దాని 9వ పిన్నులో ఏమీ రాదు. అంటే అడాప్టర్‌కు కరెంటే లేదు.

పెట్టెలో సన్నటి యూఎస్‌బీ తీగ ఒకటి వచ్చింది. ఫోను ఛార్జింగుకు బోనస్‌గా ఇచ్చాడు కాబోలనుకుని సొరుగులో వేశాను. మనవడు అడాప్టర్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'తాతయ్యా, దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?' అన్నాడు. వాడికి ఎనిమిదేళ్లు. చిన్నపిల్లలు పెద్దల పనుల్లో తల దూర్చకూడదని చెప్పి, వాడు అటు వెళ్లాక సొరుగు తెరిచాను.

కరెంటు ఇచ్చాక టీవీ మాట మార్చింది. ఈసారి 'నో సిగ్నల్' అనలేదు, 'ఈ ఫార్మాట్ సపోర్ట్ చేయదు' అంది. నాకు రెండూ ఒక్కటే అనిపించాయి, బొమ్మ రాలేదు కనక. నిజానికి ఆ రెండింటికీ హస్తిమశకాంతరం. మొదటిదానికి అర్థం, అవతల నుంచి ఏమీ రావడం లేదని. రెండోదానికి అర్థం, వస్తోంది, శుభ్రంగా వస్తోంది, నాకే ఇష్టం లేదని. నా కంప్యూటర్ బతికుందని టీవీ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సర్టిఫికెట్ చదివి నేను స్క్రూడ్రైవర్ తీశాను.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. దసరాకి పనిచేసిన కంప్యూటర్, మధ్యలో మారింది మానిటర్ ఒక్కటే, అయినప్పుడు అనుమానం దేని మీద పడాలి? నాకైతే కంప్యూటర్ మీదే పడింది. టీవీ కొత్తది, ఖరీదైనది, రోజూ సీరియళ్లు చూపిస్తోంది. ఇది ముసలిది. ముసలిదాని మీద అభాండం వేయడం తేలిక. ఆ సంగతి నాకు నా ఇంట్లోనే అనుభవం.

మూత తీశాను. ర్యామ్ ముక్కలు పీకి, పూర్వం మెకానిక్కులు చేసినట్టే, వాటి బంగారు అంచుల్ని తెల్ల రబ్బరుతో రుద్దాను. డిస్‌ప్లే కార్డు పీకి వేరే స్లాటులో పెట్టాను. పవర్ వైర్లు కూడా ఊడదీశాను. ఆ కాలపు మదర్‌బోర్డుకు పీ8, పీ9 అని రెండు ప్లగ్గులు పక్కపక్కన దిగుతాయి. నల్ల వైర్లు మధ్యకు రావాలి. తారుమారైతే బోర్డు అక్కడికక్కడే హరీ. 'నల్లా నల్లా ఒకచోట' అని మా కుర్రాడు పాటగా పాడేవాడు. ఆ పాట గుర్తుండబట్టి బోర్డు దక్కింది. మళ్లీ బిగించి స్విచ్చి వేసిన ప్రతిసారీ ఫ్యాను తిరిగేది, ఫ్లాపీ డ్రైవు గురక పెట్టేది, కీబోర్డు దీపాలు ఒకసారి వెలిగి ఆరేవి, స్పీకరు పొట్టిగా ఒక్కసారి 'బీప్' అనేది. చాలా మదర్‌బోర్డుల్లో ఒక్క పొట్టి బీప్ అంటే అంతా సవ్యంగా ఉందని. ఇది నేను పిల్లలకు బోర్డు మీద రాయించిన పాఠమే. విని, 'పాపం, మూలుగుతోంది' అనుకున్నాను.

చివరికి పాత హార్డ్‌వేర్ కుర్రాణ్ణి పిలిపించాను. ఇప్పుడు కుర్రాడు కాదు, జుట్టు నెరిసింది, కాలేజీ దగ్గర జిరాక్సు షాపు నడుపుతున్నాడు. వచ్చి, విప్పిన మూత వంకా నా వంకా చూశాడు.

'ఎందుకు విప్పారండీ మాస్టారూ?'

'బొమ్మ రావట్లేదయ్యా.'

'బొమ్మ రాకపోతే బొమ్మ సంగతి చూడాలి గానీ...' అంటూ ఆగిపోయాడు. నా దగ్గర జీతం తీసుకున్న మర్యాద అది.

ప్రింటర్ తీగ కంప్యూటర్‌కు తగిలించమన్నాడు, కాగితం ఎక్కించమన్నాడు. టీవీ వైపు చూడనేలేదు. కీబోర్డు ముందు వంగి, రెండు చూపుడు వేళ్లతో, అక్షరం వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టాడు: డీ, ఐ, ఆర్, తర్వాత షిఫ్టు పట్టుకుని చుక్క, పీ, ఆర్, ఎన్. ఎంటర్. డాట్ మ్యాట్రిక్స్ ఒక్కసారి ఉలిక్కిపడి గరగరమంటూ మొదలెట్టింది. రిబ్బను ఎండిపోయి అక్షరాలు వెలిసినట్టున్నాయి. అయినా చదవడానికి వీలుగానే ఉంది. కమాండ్ డాట్ కామ్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్, డేవ్ అనే ఫోల్డరు, డీబేస్, విండోస్... సీ డ్రైవులో ఉన్నవన్నీ వరసగా కాగితం మీదికి దిగాయి. డిస్కు పనిచేస్తోంది, డాస్ లేచి కూర్చుంది, కీబోర్డు మాట వింటోంది. నేను రబ్బరు పెట్టి రుద్దుతున్నంత సేపూ అది ప్రాంప్టు దగ్గర నా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూనే ఉందన్నమాట.

చెప్పడానికి సిగ్గేసేది ఇదే. కీబోర్డు వంక చూడకుండా, కాగితం వంక చూడకుండా కొట్టడం నేర్పడమే నా వృత్తి. కళ్లకు గుడ్డ కట్టి కొట్టించినవాణ్ణి. డైరెక్టరీని ప్రింటర్‌కు పంపడం డాస్ క్లాసులో నేను చెప్పిన పాఠం. ఈ రెండు విద్యలూ నా చేతిలోనే ఉండగా, తెర నల్లగా ఉంటే కొట్టకూడదని నాకు ఎవరు చెప్పారు? రెండు వేళ్లతో కొట్టే కుర్రాడు వచ్చి, నా విద్య నాకు చూపించి వెళ్లాలా?

వెళ్లలేదు, ఇంకొకటి చూపించాడు. డబ్ల్యూ, ఐ, ఎన్ అని కొట్టి ఎంటర్ నొక్కాడు. డిస్కు దీపం మినుకుమంది. అంతవరకూ సపోర్ట్ చేయనన్న టీవీ మీద విండోస్ 3.1 నీలం బొమ్మ టక్కున వచ్చి నిలబడింది! మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. విండోస్ నుంచి బయటికి రాగానే టీవీ మళ్లీ నల్లబడింది. 'చూశారాండీ, డాస్ నచ్చదు, విండోస్ నచ్చుతుంది' అన్నాడు.

ఎందుకు నచ్చదో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. వీజీఏ మామూలు తెరల్లో కార్డు సెకనుకు దాదాపు 31,469 గీతలు గీస్తుంది. 480 గీతల బొమ్మ గీసేటప్పుడు, కంటికి కనపడని ఖాళీ గీతలతో కలిపి తెరకు 525 అవుతాయి. అంటే సెకనుకు సుమారు 60 తెరలు. విండోస్ 3.1 మామూలుగా వాడేది ఇదే, 640 అడ్డం, 480 నిలువు. హెచ్‌డీఎంఐ టీవీ అన్నాక ఈ 640, 480, 60 హెర్ట్జ్ తప్పకుండా తీసుకుని తీరాలని నియమం. డాస్ అక్షరాల తెర 400 గీతలది. ఖాళీలతో కలిపి 449. అదే వేగంతో గీస్తే సెకనుకు 70 తెరలు పడతాయి. టీవీల పుట్టుకే 50కీ 60కీ. 70 అంటే చాలా టీవీలకు తెలియదు. నా అడాప్టర్ వచ్చిన సిగ్నల్‌ని అంకెల్లోకి మార్చి ఉన్నదున్నట్టు అవతలికి తోసేదే తప్ప 70ని 60 చేసే తెలివి దానికి లేదు. డేవ్ ఆడే 320 అడ్డం, 200 నిలువు తెర కూడా ఈ 70 బాపతే. ప్రతి గీతా రెండేసిసార్లు గీసి 400 చేస్తుంది.

ఇంత తెలిశాక బుద్ధిగా ఉండాలి కదా. విండోస్ కనపడుతున్న ఆనందంలో, తెర మరీ చిన్నగా ఉందని దాన్ని 800, 600కి మార్చాను. మళ్లీ చీకటి. ఆ కాలంలో 800, 600ని చాలా కార్డులు 56 హెర్ట్జ్‌కు పంపేవి. అదీ టీవీకి గిట్టదు. వెనక్కు మార్చాలంటే డాస్‌లోంచి సెటప్ నడపాలి. ఆ సెటప్ తెరేమో 70 హెర్ట్జ్‌ది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదృష్టం ఏమిటంటే పిల్లలు పాడుచేస్తారని ఇన్‌స్టిట్యూట్ రోజుల్లోనే సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైలుకు నకలు తీసి పెట్టుకునేవాణ్ణి. ఆ రాత్రి ఒంటరిగా కూర్చుని, నల్లటి టీవీ ముందు, పది వేళ్లతో, ఆ నకలుని అసలు దాని మీదికి కాపీ చేసే కమాండు కొట్టాను. డాస్ 6.2 నుంచి పాతదాని మీద రాయనా అని అడుగుతుంది. అడిగి ఉంటుందని నమ్మి వై కొట్టాను. విండోస్ వచ్చింది. నా జీవితంలో కొట్టిన వాటిలో తప్పు లేని పేజీ అదొక్కటే కాకపోయినా, అంత భయపడుతూ కొట్టింది మాత్రం అదే.

డాస్ కనపడాలంటే సిగ్నల్‌ని టీవీకి నచ్చేట్టు మార్చే అప్‌స్కేలర్ కావాలని తేలింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. 'ఫ్రీక్వెన్సీ ఎంత నాన్నా?' అన్నాడు. 'మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ రా, అక్కడికెళ్లి అదీ మర్చిపోయావా?' అన్నాను. వాడు నా మాట మీద నమ్మకంతో, 50 హెర్ట్జ్ అంటే పాల్ అనే టీవీ సిగ్నల్ కాబోలనుకుని, పాత టీవీ కంప్యూటర్లకూ వీడియో గేములకూ పనికొచ్చే అప్‌స్కేలర్ కొని, ఇండియా వస్తున్నవాళ్ల చేత పంపించాడు.

స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో, అమీగా వంటి యంత్రాలు ఇళ్లలోని టీవీని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. వాటి పాల్ సిగ్నల్ సెకనుకు 15,625 గీతలు. ఐబీఎం పీసీకి మొదట వచ్చిన సీజీఏ కార్డు కూడా ఇంచుమించు ఆ వేగమే. వీజీఏది దానికి రెట్టింపు. అప్‌స్కేలర్ కొనేవాడు ముందు అడగవలసిన ప్రశ్న, 15 కిలోహెర్ట్జా, 31 కిలోహెర్ట్జా అన్నది. మా అబ్బాయి అడిగాడు కూడా. గోడకున్న ప్లగ్గు సంగతి చెప్పింది నేను.

వచ్చినదానికి వెనక 21 పిన్నుల వెడల్పాటి స్కార్ట్ సాకెట్ ఉంది. యూరప్ టీవీలది, మన దగ్గర నేనెప్పుడూ చూడలేదు. చూడనిదైతే ఏం, సోల్డరింగ్ రాడ్డు ఉంది కదా. ఎరుపుకు ఎరుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ, నీలానికి నీలం కలిపాను. వీజీఏలో ప్రతి గీత మొదలు చెప్పే అడ్డం సింక్ ఒక వైరు, ప్రతి తెర మొదలు చెప్పే నిలువు సింక్ ఒక వైరు. స్కార్ట్‌లో రెంటికీ కలిపి ఒకే వైరు. సరే అని ఆ రెంటినీ మెలేసి ఒకటి చేశాను. బొమ్మ రాలేదన్నది వేరే చెప్పాలా? 31 కిలోహెర్ట్జ్ దానికి ఎలాగూ ఎక్కదు. మా కుర్రాడు ఆ మెలి చూసి నోరు వెళ్లబెట్టాడు. రెండూ కార్డులోంచి బయటికి వచ్చే వైర్లు. ఒకటి 5 వోల్టుల వైపు లాగుతుంటే రెండోది సున్నా వైపు లాగుతుంది. అలా ముడేస్తే కార్డులో వాటిని తోసే చిప్పు కాలిపోవచ్చు. పైగా స్కార్ట్ వైపు సింక్ ఒక వోల్టు లోపు ఉండాలి. అంటే నేను ఇటు కార్డునీ, అటు అబ్బాయి డబ్బునీ ఒకే ముడితో తగలబెట్టబోయాను. రెండూ ఎలా దక్కాయో నాకు తెలియదు. ముసలిదాని మంచితనం అనుకుంటాను.

రెండోసారి కొనేముందు అబ్బాయి నన్ను ఏమీ అడగలేదు. కార్డు పేరు రాసి పంపమన్నాడు, అంతే. అప్‌స్కేలర్లలో ఓఎస్ఎస్‌సీ తరహావి గీతల్ని రెండింతలు, మూడింతలు చేసి వెంటనే పంపేస్తాయి. వాటిలో తెరంతా దాచుకునే మెమరీ ఉండదు కనక 70 వస్తే 70యే పోతుంది, నా టీవీ మళ్లీ మొండికేస్తుంది. తెరను పూర్తిగా దాచుకుని, ఏడింటిలో ఒకటి వదిలేసి 60 చేసి పంపేవి వేరు. వీజీఏ సాకెట్ ఉన్న అటువంటిది ఒకటి వచ్చింది. ధర చెప్పను, మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

డాస్ ప్రాంప్టు టీవీ మీద కనపడిన రోజు పాయసం చేయించాను. కాకపోతే అక్షరాలు బాగాలేవు. కొన్ని గీతలు లావు, కొన్ని సన్నం, డబ్ల్యూకి ఒక కాలు మాయం. కళ్లజోడు తుడిచాను. శుక్లాలు ముదిరాయేమోనని కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. నా కళ్లు బాగానే ఉన్నాయన్నాడు.

దీన్ని టైపు మిషనుతో చెబితేనే నాకు అర్థమైంది. లైను చివర క్యారేజీని తోస్తామే, వీజీఏలో అడ్డం సింక్ చేసే పని అదే. కాగితం మార్చడం నిలువు సింక్. లైను ఎప్పుడు మొదలైందో, కాగితం ఎప్పుడు మారిందో కేబులులో వస్తుంది. ఆ లైనులో ఎన్ని అక్షరాలు కొట్టారో మాత్రం రాదు. పైకా మిషను మీద అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్ మీద 12. లైను పొడవు ఒకటే, క్యారేజీ తోసే చప్పుడూ ఒకటే. గది బయట కూర్చుని చప్పుడు వింటున్నవాడికి అది పైకానో ఎలీటో ఎలా తెలుస్తుంది? డాస్ అక్షరాల తెర ఎలీట్. 80 అక్షరాలు, ఒక్కొక్కటి 9 చుక్కల వెడల్పు, వెరసి 720. డేవ్ ఆడే తెర పైకా, 640 చుక్కల కొలతలో గీసినది. గీతల వేగం రెంటికీ ఒకటే, తెరల వేగం 70 ఒకటే. సింక్ దిశలు కూడా ఒకటే. తేడా అంతా కార్డు లోపలి గడియారంలో. ఒకటి 28.322 మెగాహెర్ట్జ్, రెండోది 25.175. ఆ గడియారం కేబులులోకి రాదు. నా అప్‌స్కేలర్ పైకా అని ఊహించుకుని 720 చుక్కల్ని 640గా ఏరుతోంది. ప్రతి అక్షరానికీ ఒక చుక్క గల్లంతు. మెనూలో గీతకు, కనపడని ఖాళీ చుక్కలతో కలిపి, 800 అని ఉన్నచోట 900 చేసి, ఫేజ్ కొంచెం జరపగానే డబ్ల్యూకి కాలు మొలిచింది. డేవ్ ఆడేముందు మళ్లీ 800కి తిప్పాలి. దానంతటది తెలుసుకోదు, తెలుసుకునే దారీ లేదు.

సింక్ దిశలన్నాను కనక ఒక మాట. ఐబీఎంవాళ్లు ఆ రెండు సింకుల ధన, రుణ దిశలతోనే మానిటర్‌కు సైగ చేసేవారు. రెండూ రుణమైతే 480 గీతలు, నిలువుది ఒక్కటే ధనమైతే 400, అడ్డానిది ఒక్కటే ధనమైతే 350. గీతల సంఖ్య చెప్పడానికి ఇంత చక్కటి ఏర్పాటు చేసినవాళ్లు చుక్కల సంఖ్యకు ఏమీ చేయలేదు. గాజు మానిటర్లో ఎలక్ట్రాన్ల ధార జారిపోతూ ఉంటుంది, దానికి చుక్కల లెక్కతో పని లేదు. అప్పట్లో అది చాలు.

ఇక డేవ్. మనవడు చూసి, 'తాతయ్యా, డేవ్ లావైపోయాడు' అన్నాడు. 320, 200 చుక్కల బొమ్మని 4:3 మానిటర్ మీద చూడాలని గీశారు. ఒక్కో చుక్క నిలువు, అడ్డానికి 1.2 రెట్లు ఉండాలి. నేను టీవీ నిండా సాగదీశాను. సెట్టింగు మార్చి అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చేలా చేశాక డేవ్ చిక్కాడు. 'టీవీలో చోటంతా వేస్టు' అని మా ఆవిడ అంది.

ఇదంతా అయ్యాక మా కుర్రాడు ఒకరోజు జిరాక్సు షాపు అటక మీంచి 15 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. వెనక వీజీఏ సాకెట్. 486కి నేరుగా తగిలించి స్విచ్చి వేశాను. ర్యామ్ లెక్కపెట్టడం దగ్గర్నుంచి ప్రాంప్టు దాకా ప్రతి అక్షరమూ కనపడింది. పీసీలన్నీ ఆ 720, 400, 70 హెర్ట్జ్ తెరతోనే నిద్ర లేచేవి కనక కంప్యూటర్ మానిటర్ చేసేవాళ్లు దాన్ని వదిలేయలేదు. మానిటర్ తన వివరాలు చెప్పుకునే పట్టీలో మామూలు తెరల జాబితా ఉంటుంది. అందులో మొట్టమొదటి గడి దానిదే. 'ముందే ఎందుకు చెప్పలేదయ్యా?' అన్నాను. 'మీరు అప్‌స్కేలర్ అన్నారు గదండీ. మానిటర్ కావాలని అడగలేదు' అన్నాడు.

కనక మీకు నా మనవి. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉండి టీవీలో బొమ్మ రాకపోతే మూత విప్పకండి. టీవీ ఏ మాట అంటోందో సరిగా చదవండి, అడాప్టర్‌కు కరెంటు విడిగా ఇవ్వండి, ఒక బీప్ వినపడితే ప్రింటర్ తగిలించి గుడ్డిగానే కొట్టి చూడండి. సింక్ వైర్లు రెంటినీ దయచేసి ముడేయకండి. అటక మీద వీజీఏ సాకెట్ ఉన్న పాత ఎల్‌సీడీ మానిటర్ ఉంటే పాతసామాన్ల బండికి వేయకండి. వేయక తప్పదంటే నాకు పంపండి, లారీ సర్వీసు ఖర్చు నేనే పెట్టుకుంటాను.